రికార్డరులో అర్ధరాత్రి ఎండ

మా తమ్ముడు నా షెడ్డు మింగాడు. వీధిలో వాణ్ణి అందరూ మెత్తనోడు అంటారు. గొంతు లేవదు, ఎవరికీ ఎదురు చెప్పడు, కాలి కింద చీమ కనబడితే అడుగు పక్కకి వేస్తాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ మా ఇంట్లో మొత్తింది మెత్తనోడే.

పోయిన వారం సంచిక చేతికి అందనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా నాన్న కట్టిన ఇంటిని నిలువునా చీల్చి అన్నదమ్ములం చెరో సగంలో కాపురం ఉంటున్నాం. వాడు టైలరు, నేను గేట్లు చేసేవాణ్ణి. వెనక పెరడు నోటిమాట మీద పంచుకున్నదే. మధ్యలో బట్టలుతికే బండ ఉండేది. బండకి ఇటు నాది, అటు వాడిది. బండకి కాస్త ఇవతల నా షెడ్డు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగులు, ముప్పై ఏళ్ళుగా నా బతుకంతా ఆ రేకుల కిందే. ఆ రేకుల కిందే కోత మిషను బిళ్ళ పగిలి నా కుడిచేతి మీదికి లేచింది. కుట్లు వేయించుకుని, పదిరోజులు ఆసుపత్రిలో పడుండి, ఇంటికొచ్చి వెనక తలుపు తీస్తే ఎదురుగా గోడ. బండ లేదు. షెడ్డు గోడకి అవతల. నా భార్య "ముందు లోపలికొచ్చి కూర్చోండి" అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. మెత్తనోడు మొహం చూపించలేదు. నేనూ అడగలేదు. అడిగితే వాడేదో మెత్తగా చెబుతాడు, నేను తల ఊపుతాను, అక్కడితో అయిపోతుంది. నాకు సాక్ష్యం కావాలి. గోడ ఎవరు వేయించారో, ఎక్కడ గీత గీశారో కళ్ళతో చూసి, దాన్ని పట్టుకెళ్ళి వాడి ముందు పెట్టి, షెడ్డు వెనక్కి తీసుకోవాలి.

సాక్ష్యం మా ముందుగదిలో, టీవీ పైన అరలో ఉంది. కెమెరాల రికార్డరు. ఇనుము దొంగతనాలు ఎక్కువయ్యాయని ఏడాది కింద పెట్టించాను. ఒక కెమెరా వీధి గేటు మీద, రెండోది పెరటి మీద, మూడోది షెడ్డు లోపల. ఆసుపత్రిలో ఉండగానే ఫోను తీసి చూడబోయాను. గుండ్రంగా ఒక సున్నా తిరిగి తిరిగి చివరికి 'పరికరం ఆఫ్‌లైన్‌లో ఉంది' అని రాసింది. ఇంటికొచ్చాకా అదే మాట. పొద్దున లేచి చూస్తే అదే, భోంచేసి చూస్తే అదే. మా రెండిళ్ళకీ కలిపి ఇంటర్నెట్ కనెక్షను ఒక్కటే, మొదటి నుంచీ చెరి సగం కట్టుకుంటున్నాం. రూటర్ మెత్తనోడి ముందుగదిలో ఉంటుంది. ఇంక వేరే చెప్పాలా? గోడ కట్టినవాడు నెట్టు కట్ చెయ్యడా!

కంపెనీ నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి, మర్యాదస్తురాలు.

"సార్, మీ రూటర్ మీద ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి?"

"రూటర్ మా తమ్ముడింట్లో ఉందమ్మా."

"అయితే వారిని ఒకసారి చూసి చెప్పమనండి సార్."

"వాడు గోడకి అవతల ఉన్నాడు."

"కేకేస్తే వినబడదా సార్?"

"వినబడుతుంది. అందుకే వెయ్యట్లేదు."

ఆ అమ్మాయి కీబోర్డు మీద ఏదో టకటకా కొట్టింది. తర్వాత, "రూటర్ ఆపేసి, ముప్పై సెకన్లు ఆగి, మళ్ళీ ఆన్ చేయండి సార్. సమస్య పరిష్కారమవుతుంది" అంది. నేను ఫోను పెట్టేశాను. నవ్వు రావలసింది. రాలేదు. ఈ మధ్య ఏదీ రావడం లేదు. డాక్టరు ఉంగరం వేలు, చిటికెన వేలు పట్టుకుని "ఇక్కడ నరం తెగింది, స్పర్శ రావడం కష్టం" అన్నాడు. ఆయన రెండు వేళ్ళ గురించే చెప్పాడు. మిగతా మనిషి సంగతి నేను అడగలేదు.

మధ్యాహ్నమైతే చాలు గోడ అవతల నా మిషను కూస్తుంది. కన్నబిడ్డ ఏడుపు లాంటిది మిషను గొంతు, పది మిషన్ల మధ్యన అయినా నాది నాకు తెలుస్తుంది. మెత్తనోడికి ఇనుము పట్టుకునే మొహం లేదు. షెడ్డు ఎవడికో అద్దెకిచ్చి ఉంటాడు. ఎవడో నా స్టూలు మీద కూర్చుని, నా తోలు ఏప్రన్ కట్టుకుని, నా మిషను మీద కూలి గిట్టించుకుంటున్నాడు. నేను వెనక గదిలో మంచం మీద పడుకుని వినేవాణ్ణి. సాయంత్రం మా అమ్మాయి కంప్యూటర్ క్లాసు నుంచి వచ్చేది. కళ్ళు రెండూ ఎర్రగా, నీరు కారుతూ ఉండేవి. "తెర వెలుతురు తగ్గించి పెట్టుకోమ్మా" అనేవాణ్ణి. "అలాగే నాన్నా" అని చన్నీళ్ళతో మొహం కడుక్కునేది.

చివరికి రికార్డరు బిగించినవాణ్ణే పిలిచాను. బుల్లెట్ కెమెరాలు బిగిస్తాడు కాబట్టి అతన్ని అందరూ బుల్లెట్టు అంటారు. మనిషి మాత్రం బుల్లెట్టులా రాడు, మోకాళ్ళ నొప్పులు. పొద్దున పిలిస్తే మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా అమ్మాయి క్లాసుకి వెళ్ళిపోయాక దిగాడు.

"ఏమైందన్నా?"

"మా తమ్ముడు పాస్‌వర్డు మార్చాడు. నాకు నెట్టు ఆపేశాడు."

"పాస్‌వర్డు మారిస్తే ఫోన్లు ఏడుస్తాయి గానీ ఇది ఏడవదు. గాలిలో వచ్చే నెట్టుకి పాస్‌వర్డు కావాలి. నీది వైరు. వైరుకి ఎవడి అనుమతీ అక్కర్లేదు."

"అయితే ఏం పోయింది?"

"చూస్తే గదా తెలిసేది! నాడి పట్టకుండా మందు రాస్తే నీ చెయ్యిలాగే అవుతుంది."

"నా చెయ్యి డాక్టరు పాడు చెయ్యలేదు."

"మాటవరసకన్నాలే అన్నా."

రికార్డరుని అరలోంచి ముందుకు లాగి వెనక వైపు టార్చి వేశాడు. నెట్టు వైరు గుచ్చిన చోట ఆకుపచ్చ చుక్క ఒకటి మినుకుమినుకుమనాలట. చీకటిగా ఉంది. వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. తన సంచిలోంచి కొత్త మూతి తీసి వైరు కొసకి వేసి గుచ్చాడు. పక్క కన్నంలో పెట్టి చూశాడు. చుక్క వెలగలేదు.

"డబ్బా బాగానే ఉంది. వైరు చచ్చింది. పద, దాని వెనకాలే పోదాం."

ముందుగదిలోంచి వైరు నడవలోకి, నడవలోంచి కిటికీ చట్రం పక్కగా పెరట్లోకి, అక్కడ తెల్లటి ప్లాస్టిక్ పైపులోకి దూరింది. ఆ పైపు నేల మీద బండ అంచు వెంట అవతలి ఇంటికి పోయేది. ఇప్పుడు పోయి పోయి గోడలో తల పెట్టింది. బుల్లెట్టు కష్టపడి గొంతుకూర్చుని, స్క్రూడ్రైవరుతో గోడ మీది గిలాబా పూత గీకాడు. గిలాబా కింద పైపు ఆగిపోయింది. రెండు వైర్ల కొసలు ఎలుక కొరికినట్టు కాదు, కత్తితో తరిగినట్టు నున్నగా ఉన్నాయి.

"నీ తమ్ముడు నెట్టు ఆపలేదన్నా. గోడ ఆపింది. బండ కోసినప్పుడు పైపు కూడా దాంతోనే ఇక్కడిదాకా పోయింది. ఎవరూ చూసుకోలేదు, దాని మీదే పునాది వేశారు."

"గోడ ఎవడు కట్టాడు మరి?"

"అది నా డిపార్ట్‌మెంటు కాదు." మోకాలు పట్టుకుని లేచాడు. "తప్పు నాది కూడా ఉందిలే. నెట్టు వైరూ, షెడ్డు కెమెరా వైరూ ఒకే పైపులో వేశాను. పైపు డబ్బులు మిగులుతాయని."

"అయితే ఆ రోజు నుంచీ ఏదీ రికార్డు కాలేదా?"

బుల్లెట్టు నా వైపు జాలిగా చూశాడు. "ఎందుకు కాదన్నా? నీ ఫోనుకి చూపించడానికి దానికి నెట్టు కావాలి. దాచుకోవడానికి నెట్టెందుకు? డిస్కు దాని కడుపులోనే ఉంది. మూడోది పోయుంటుంది. ఒకటీ రెండూ రాత్రింబవళ్ళు దాచుకుంటూనే ఉంటాయి."

నా భార్య రెండు గ్లాసుల టీతో వెనక గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

"పాతవన్నీ ఇప్పుడెందుకండీ? నెట్టు బాగు చేయించి పంపించెయ్యండి. ఆయనకి వేరే పనులుండవా?" అంది.

"ఏం పనుల్లేవు వదినా" అన్నాడు బుల్లెట్టు, గ్లాసు అందుకుంటూ.

నేను కుడిచేత్తో గ్లాసు పట్టుకున్నాను. ఆమె చటుక్కున లాగి ఎడమచేతిలో పెట్టింది. "కాలుతోంది. మీకు తెలియడంలేదు."

ముందుగదిలో బుల్లెట్టు రికార్డరుకీ టీవీకీ మధ్య ఒక లావుపాటి వైరు తగిలించాడు. పాస్‌వర్డు అడిగితే చూడకుండా కొట్టేశాడు. "మా పెళ్ళిరోజు. నేను బిగించిన అన్నిటికీ ఇదే. పెళ్ళిరోజు మర్చిపోతే మా ఆవిడతో గొడవ, పాస్‌వర్డు మర్చిపోతే మీతో గొడవ. రెండు గొడవలూ ఒకచోట పెట్టేశాను."

టీవీ నాలుగు గళ్ళుగా చీలింది. ఒక గడిలో వీధి గేటు. ఒక గడిలో పెరడు, అంటే గోడ. మూడో గడి నల్లగా, మధ్యలో 'వీడియో లేదు' అని. నాలుగోది ఎప్పుడూ ఖాళీయే.

నేను ఆసుపత్రిలో ఉన్న తేదీలు చెప్పాను. బుల్లెట్టు ఒక్కొక్క తేదీ నొక్కాడు. రికార్డయిన చోట నీలం గీత రావాలి. ప్రమాదం జరిగిన రోజు నుంచి నాలుగో రోజు పొద్దుటి దాకా ఉంది. ఆ తర్వాత గీత లేదు. ఏ తేదీ నొక్కినా తెల్లగా ఉంది.

"చెరిపేశారు" అన్నాను.

"లేకపోతే లేదు, పోనివ్వండి" అంది నా భార్య. గట్టిగా ఊపిరి వదిలింది.

బుల్లెట్టు టీవీ దగ్గరికి జరిగి, పై మూల ఉన్న చిన్న అంకెల మీద గోరు పెట్టాడు. "అన్నా, ఇవాళ ఏ సంవత్సరమంటోందో చూడు ఇది."

రెండువేల సంవత్సరం. జనవరి నెల.

"పుట్టిన తేదీకి పోయింది" అన్నాడు. "దీని లోపల గడియారం కోసం చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోయింది. అయినా ఇన్నాళ్ళూ తెలియలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నెట్టుని అడిగి టైము దిద్దుకునేది. ఈసారి కరెంటొచ్చేసరికి నెట్టు లేదు. ఇవాళ ఏ రోజని అడగడానికి మనిషి లేడు. అందుకని మొదటికి పోయి మొదటి నుంచీ లెక్కబెట్టుకుంటోంది. ఏదీ చెరగలేదన్నా. నువ్వు వెతికే రోజు అక్కడుంటుంది."

ఆ జనవరిలో మా నాన్న బతికే ఉన్నాడు. ఇల్లు ఒక్కటే. ఆ నెలలోనే అనుకుంటాను, మొదటి కోత మిషను కొన్నాను. ఒక పక్క నేను, ఒక పక్క మెత్తనోడు పట్టుకుని షెడ్డులోకి మోశాం. వాడి చెప్పు తెగింది. చెప్పు వదిలేసి మోశాడు. ఇది గుర్తు రావడానికి కారణం లేదు, టీవీలో అంకె చూసి వచ్చింది, అంతే.

"కరెంటు ఎప్పుడు పోయింది?" అన్నాను. "మా వీధిలో పోలేదే?"

"పోలేదు. ఎవరో దీని ప్లగ్గు పీకారు." బుల్లెట్టు అర పక్కనున్న స్విచ్‌బోర్డు చూపించాడు. ప్లగ్గు మీద బూడిద రంగు మరక. బోర్డు మీద బొటనవేలంత ఇంకో మరక. ఇంటికొచ్చిన రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను, దుమ్ము అనుకున్నాను. గోకితే రాలింది. సిమెంటు.

మా ముందుగదిలోకి మేస్త్రీ వేలు ఎలా వచ్చింది? బయటివాడు రావాలంటే లోపలివాళ్ళు గడియ తియ్యాలి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ రెండువేల సంవత్సరంలో ఉన్న డబ్బా పట్టుకుంది.

"ప్లగ్గు ఎవరిచ్చారు మేస్త్రీకి?"

"నేనే" అంది నా భార్య. "బండ కోసే మిషనుకి కరెంటు కావాలన్నారు. అవతల నుంచి తీగ అందలేదు."

"మన కరెంటుతో మన పెరడు కోసుకోమన్నావా?"

"తీగ అందలేదు" అంది మళ్ళీ, అదే గొంతుతో.

కోపం రావాలి. దాని కోసం కాసేపు ఎదురు చూశాను, బస్టాపులో నిలబడ్డట్టు. రాలేదు. "పెట్టు" అన్నాను బుల్లెట్టుతో.

జనవరి ఒకటి నొక్కాడు. నీలం గీత అర్ధరాత్రి పన్నెండు నుంచి మొదలైంది. బొమ్మ వచ్చింది. అర్ధరాత్రి పన్నెండు దాటి నిమిషం కాలేదంటోంది మూలనున్న గడియారం, పెరట్లో మాత్రం ఎండ మండిపోతోంది. కోసిన బండ ముక్కలు మూలకి చేర్చి ఉన్నాయి. మేస్త్రీ ఒక చేతిలో ఇనప మేకు, ఒక చేతిలో నూలుతాడు ఉండ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన మెత్తనోడు, మెడలో టేపు. బట్టలు కొలిచే టేపే.

మాటల్లేవు. బుల్లెట్టు ఆ రోజుల్లో మైకు లేని కెమెరాలు అంటగట్టాడు. చేతులు మాత్రం కనబడుతున్నాయి.

మెత్తనోడు బండ ఉన్న చోటు నుంచి మా వైపుకి కొలిచాడు. మూడడుగులు. అక్కడ కాలి బొటనవేలితో గీత గీశాడు. గీసి మా వెనక తలుపు వైపు చూశాడు. మేస్త్రీ అక్కడ మేకు దిగ్గొట్టాడు. మూడడుగుల దగ్గర గోడ లేస్తే షెడ్డుకి అవతలి పక్క నుంచి పోతుంది. షెడ్డు నా వైపే ఉంటుంది.

అప్పుడు మా తలుపులోంచి నా భార్య వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఉంది. వంగి మేకు పీకింది. పట్టుకుని నడిచింది. షెడ్డు దాటి ఇవతలికి వచ్చింది. అక్కడ పెట్టి మేస్త్రీకి చూపించింది.

మెత్తనోడు తల అడ్డంగా ఊపాడు. వచ్చి మేకు తీసుకుపోయి మొదటి చోట పెట్టాడు. ఆమె వెళ్ళి మళ్ళీ తెచ్చింది. వాడు మళ్ళీ పట్టుకుపోయాడు. మేస్త్రీ తాడు ఉండ చేతిలో పట్టుకుని, ఒకసారి వాణ్ణీ ఒకసారి ఆమెనీ చూస్తూ, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మూడోసారి ఆమె వాణ్ణి ఏదో అడిగింది. చాలాసేపు అడిగింది. వాడు మా గుమ్మం మెట్టు మీద కూలబడి, తల చేతుల్లో పెట్టుకున్నాడు. ఆమె ఇటుక తీసుకుని మేకుని తనే దిగ్గొట్టింది. నాలుగు దెబ్బలకి దిగలేదు. ఐదో దెబ్బకి దిగింది.

"ఆపు" అన్నాను. బుల్లెట్టు ఆపాడు. ఇటుక ఎత్తిన చెయ్యి తెర మీద అలాగే ఉండిపోయింది.

"వాడు ఎంత అడిగాడు?"

"మూడడుగులు" అంది. "పైకి మెట్లు వేసుకోవాలట. అదీ మీరొచ్చాక అడుగుదాం వదినా అన్నాడు. ఆగొద్దని నేనే అన్నాను."

"షెడ్డు నువ్విచ్చావు."

"ఇచ్చాను."

"వాడు అడగకుండా."

"వద్దన్నా వినకుండా. చూశారుగా."

బుల్లెట్టు సీలింగు వైపు చూస్తూ, "ఫ్యాను రెక్క ఒకటి వంగినట్టుందే" అన్నాడు ఎవరితోనో.

నా భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. నా కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. చిటికెన వేలు గోటితో గిచ్చింది. "తెలుస్తోందా?"

"లేదు."

ఉంగరం వేలు గిచ్చింది. గోరు దిగిన చోట తెల్లగా పడింది. "ఇది?"

"లేదు."

"ఆసుపత్రిలో మూడో రోజు. కట్టు కూడా మార్చలేదు. మీరు ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, కొత్త బిళ్ళ ఎంతకొస్తుందని కొట్టువాణ్ణి అడుగుతున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. బలమైన బిళ్ళ కాకపోయినా పర్లేదు, తక్కువలో చూడు అన్నారు. ఎడమచెయ్యి కూడా ఇలా అయ్యేదాకా మీరు ఆ షెడ్డు వదలరు. చెబితే వినే మనిషయితే చెప్పేదాన్ని. గోడకి చెప్పుకున్నట్టే గదా మీకు చెబితే. అందుకని గోడే కట్టించాను."

ఆమె ఏడవలేదు. నా చెయ్యి ఆమె ఒళ్ళో ఉందని కళ్ళతో చూసి తెలుసుకున్నాను. అవతల నా మిషను కూత మొదలుపెట్టింది.

"నేను వైరు సంగతి చూస్తా" అని బుల్లెట్టు లేచాడు. "తెగిన చోట కొత్త ముక్క కలిపి గోడ మీంచి అవతలికి వేస్తా. అవతలి కొసలు కలిపితే అయిపోతుంది. నిచ్చెన ఉందా అన్నా?"

నా భార్య చటుక్కున తల తిప్పింది. "నెట్టు వైరు ఒక్కటే కలపండి. ఆ మూడోది వద్దు."

"ఎందుకు వదినా? కెమెరా బాగానే ఉంది గదా?"

"షెడ్డు మనది కాదుగా ఇప్పుడు. వాళ్ళ చోట మన కెమెరా ఎందుకు? బాగుండదు."

ఆమె మాటలో న్యాయముంది. కానీ ఆ మాట అన్న తొందరలో లేదు.

"రెండూ ఒకే రంగు వైర్లు వదినా. గుర్తు కట్టలేదు నేను. ఏది ఏదో కలిపితే గానీ తెలియదు" అన్నాడు బుల్లెట్టు. పిలిచిన పని మొత్తం చేసిపోవడమే తెలుసు ఆ మనిషికి. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆ నిచ్చెన కూడా నేను చేసిందే.

మేమిద్దరం టీవీ ముందు కూర్చున్నాం. గోడ ఎక్కుతూ అతను మోకాళ్ళని తిట్టుకోవడం వినబడింది. తర్వాత అవతల నుంచి ఒక మెత్తటి గొంతు: "అక్కడ తడిగా ఉంది, జాగ్రత్త." గోడ లేచాక మా తమ్ముడి గొంతు వినడం అదే మొదలు.

కాసేపటికి బుల్లెట్టు కేకేశాడు. "అన్నా! ఒకటి కలిపా. వచ్చిందా?"

ఒళ్ళోని ఫోన్లో సున్నా తిరగడం ఆగింది. పెరడు కనబడింది. టీవీ మూల అంకెలు ఒక్కసారి వణికి, రెండువేల సంవత్సరం నుంచి ఇవాళ్టికి దూకాయి. ఇల్లు మళ్ళీ రెండయింది. నాన్న మళ్ళీ పోయాడు.

"వచ్చింది!" అని అరిచాను.

"నెట్టు వచ్చిందా అన్నయ్యా?" అన్నాడు గోడ అవతల మెత్తనోడు. నేను జవాబు చెప్పలేదు. వాడు రెండోసారి అడగలేదు.

"రెండోది కలుపుతున్నా!" అన్నాడు బుల్లెట్టు.

నా భార్య లేచి టీవీ స్విచ్చు దగ్గరికి వెళ్ళింది. చెయ్యి స్విచ్చు మీద పెట్టింది గానీ నొక్కలేదు. అలాగే నిలబడి, "మీకు ఒక కారణమే చెప్పాను" అంది.

మూడో గడి వెలిగింది.

నా షెడ్డు. నా రేకులు. నా స్టూలు. స్టూలు మీద ఒక మనిషి, వీపు కెమెరా వైపు. నా తోలు ఏప్రన్ తాళ్ళు నడుం చుట్టూ రెండు చుట్లు తిరిగాయి, అంత సన్నటి నడుం. మొహానికి వెల్డింగు ముసుగు. ముందు సగం అయిన కిటికీ చట్రం. నిప్పురవ్వలు లేస్తున్నాయి, నేల మీద పడి ఆరిపోతున్నాయి. ఏప్రన్ మీదుగా జారకుండా జడని మడిచి, నీలం రిబ్బనుతో కట్టి ఉంది. ఆ రిబ్బను పొద్దున పంటితో పట్టుకుని, అద్దం ముందు తల దువ్వుకుంటూ, "మధ్యాహ్నం క్లాసుకెళ్తాను నాన్నా" అన్న మనిషిది.

రెండేళ్ళ కింద ఒకసారి అడిగింది. నేర్పుతావా నాన్నా అని. ఆ పని నాతోనే ఆఖరు, ఆడపిల్లకి నిప్పుతో ఆటలేమిటి అన్నాను. మళ్ళీ అడగలేదు.

ముప్పై ఏళ్ళు వెల్డింగు చేశాను. వెల్డింగు వెలుతురు కొట్టిన కళ్ళు ఎలా ఎర్రబడతాయో, ఎలా నీరు కారుతాయో నాకు తెలిసినట్టు ఈ వీధిలో ఎవరికీ తెలియదు. తెర వెలుతురు తగ్గించుకోమ్మా అన్నాను.

వైరు కలవగానే కెమెరా కింద ఎర్రచుక్క వెలిగి ఉంటుంది. ఆమె పని ఆపింది. తల ఎత్తి, ముసుగు పైకి లేపి, తిరిగి నా వైపే చూసింది. బెదరలేదు. కళ్ళు దించలేదు. ముసుగు మళ్ళీ కిందికి లాక్కుని పనిలోకి వంగింది.

"వెళ్ళకండి. కూర్చోండి, మొత్తం చెబుతాను" అంది నా భార్య.

నేను అప్పటికే పెరట్లో ఉన్నాను. నిచ్చెన గోడకే ఉంది. ఎడమచేత్తో పట్టుకుని ఎక్కాను. కుడిచెయ్యి కూడా మెట్ల మీద పెట్టాను గానీ అది పట్టుకుందో లేదో నాకు తెలియలేదు. పైదాకా వెళ్ళి గోడ మీంచి చూశాను. బుల్లెట్టు వైరు చేతిలో పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. మెత్తనోడు నన్ను చూసి ఒక అడుగు ముందుకేసి, షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి వాడు నాకు అడ్డం నిలబడ్డాడు. వాడి వెనకాల, లోపల, మిషను ఆగింది.

గోడ లేచాక, అవతలికి పోయిన నా చోటంతా ఒక్క చూపులో చూడటం అదే మొదటిసారి. పొడవు నలభై ఒక్క అడుగులు, వెడల్పు పదకొండు. అందులో నా తమ్ముడు అడిగింది మూడడుగులు, నా భార్య ఇచ్చింది ఎనిమిది. మొత్తం నాకు పోయింది యాభై గజాలు, పైన ఒక్క చదరపు అడుగు.